చిన్న ఎడారి బేసిన్‌లో రీచార్జ్ లెక్క: రెండు పద్ధతులు ఒకే మాట చెప్పినా నమ్మలేకపోయిన కేసు

ఈ ఫైలు నా చేతికి వచ్చేసరికే అందులో జవాబు ఉంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, నీరు బయటికి పారే దారి లేని ఒక చిన్న మూసి ఉన్న లోయ (బేసిన్). విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు. ఏటా భూగర్భంలోకి ఇంకే నీరు, అంటే రీచార్జ్, 60 లక్షల ఘనపు మీటర్లని అంతకుముందు తయారైన నివేదిక తేల్చింది. ఆ అంకెను నమ్మి, ఏటా 52 లక్షల ఘనపు మీటర్లు తోడుకోవడానికి కొత్త బోర్లకు దరఖాస్తులు పడ్డాయి. రీచార్జ్ కంటే తక్కువే అడుగుతున్నాం కదా అన్నది దరఖాస్తుదారుల వాదన. ఆ అంకెను సరిచూసి చెప్పడం నాకు అప్పగించిన పని. లోయ పేరు రాయడం లేదు, నీటి హక్కుల విచారణ ఇంకా ముగియలేదు. అంకెలను దగ్గరి గుండ్రటి విలువలకు సర్ది రాస్తున్నాను.

ముందు ఆ నేల గురించి చెప్పాలి. నెవాడాలో ఎక్కువ భాగం ఉన్న గ్రేట్ బేసిన్ అనే ఎడారి ప్రాంతంలో లోయలన్నీ దాదాపు ఒకే పోకడలో ఉంటాయి. ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల వరుస, దాని పక్కన లోయ, మళ్లీ కొండల వరుస. ఇక్కడి నీరు సముద్రానికి పోదు. కొండల మీద చలికాలంలో మంచు పడుతుంది, వసంతంలో కరుగుతుంది. కొంత రాతి పగుళ్లలోకి దిగుతుంది, కొంత వాగులై పారి కొండ పాదాల దగ్గర గులకరాళ్ల మేటల్లో ఇంకిపోతుంది. అలా లోపలికి వెళ్లిన నీరు నెమ్మదిగా లోయ నడుముకు చేరి, అక్కడి ఉప్పుపర్ర చుట్టూ పెరిగే పొదల వేళ్ల ద్వారా, తడి నేల ద్వారా గాలిలో కలిసిపోతుంది. మా లోయలో పడమటి కొండ ఎత్తు సుమారు 2,900 మీటర్లు. లోయ అడుగు 1,700. దక్షిణపు కొసన రెండు లోయల మధ్య సున్నపురాయి గుట్టలు అడ్డంగా ఉన్నాయి. కథలో అవి తర్వాత వస్తాయి.

పాత పద్ధతి, కొత్త పటం

ముందటి నివేదిక వాడింది మాక్సీ–ఈకిన్ పద్ధతి. జార్జ్ బర్క్ మాక్సీ, థామస్ ఈకిన్ 1949లో తూర్పు నెవాడాలోని వైట్ రివర్ లోయ మీద పనిచేస్తూ దీన్ని ప్రచురించారు. చూడటానికి చాలా తేలిక. బేసిన్‌ను ఏడాది అవపాతం (వాన, మంచు కలిపి పడే నీరు) ప్రకారం పట్టీలుగా విడగొట్టాలి. 8 అంగుళాల లోపు పడేచోట రీచార్జ్ సున్నా. 8 నుంచి 12 అంగుళాల పట్టీలో పడినదాంట్లో 3 శాతం, 12 నుంచి 15 పట్టీలో 7 శాతం, 15 నుంచి 20 పట్టీలో 15 శాతం, 20 అంగుళాలు దాటితే 25 శాతం లోపలికి పోతుందని లెక్క.

ఈ శాతాలు ప్రయోగశాలలో పుట్టినవి కావు. కొన్ని లోయల్లో పొదల ద్వారా, ఊటల ద్వారా బయటికి పోతున్న నీటిని ముందు అంచనా కట్టారు. లోపలికి వచ్చేది దానికి సమానమయ్యేదాకా శాతాలను అటూ ఇటూ జరిపి చూసి సరిపెట్టారు. ఆ సరిపెట్టడంలో వాడిన అవపాత పటం జార్జ్ హార్డ్‌మన్ 1936లో గీసినది. అప్పటికి కొండల మీద వర్షమాపకాలు దాదాపు లేవు. నేల ఎత్తునూ, ఏ ఎత్తులో ఏ చెట్లు పెరుగుతున్నాయన్నదాన్నీ చూసి గీసిన పటం అది. అంటే శాతాలూ పటమూ జంటగా పుట్టాయి. ఈ ఒక్క సంగతిని పట్టించుకోకపోవడం వల్లే మా కేసు మొత్తం నడిచింది.

హార్డ్‌మన్ పటంతో నేను మొదట వేసిన లెక్క ఇది. అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చాను. ఘనపరిమాణాలు లక్షల ఘనపు మీటర్లలో ఉన్నాయి.

| పట్టీ (మి.మీ.) | విస్తీర్ణం (చ.కి.మీ.) | సగటు (మి.మీ.) | పడిన నీరు | శాతం | రీచార్జ్ |
|---|---|---|---|---|---|
| 203 లోపు | 210 | 160 | 336 | 0 | 0 |
| 203–305 | 120 | 250 | 300 | 3 | 9.0 |
| 305–381 | 45 | 340 | 153 | 7 | 10.7 |
| 381–508 | 20 | 430 | 86 | 15 | 12.9 |
| 508 పైన | 5 | 540 | 27 | 25 | 6.8 |
| మొత్తం | 400 | | 902 | | 39.4 |

39 లక్షల ఘనపు మీటర్లు. అక్కడి వాడుకలో చెబితే సుమారు 3,200 ఎకరా-అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు). పడిన నీటిలో 4.4 శాతం. ఈ పట్టికలో చివరి రెండు వరుసలను కాసేపు ఆగి చూడమని ఈ పనిలోకి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. అవి రెండూ కలిపి 25 చదరపు కిలోమీటర్లు, బేసిన్‌లో పదహారో వంతు. రీచార్జ్‌లో సగం మాత్రం అక్కడి నుంచే వస్తోంది. పెద్ద బేసిన్‌లో ఒక కొండ మీద ఎక్కువ వేసిన లెక్క మరో కొండ మీద తక్కువ వేసినదానితో కొంత సర్దుకుంటుంది. చిన్న బేసిన్‌లో ఉన్నది ఒకటే కొండ. దాని నెత్తిన పడే మంచు తెలియకపోతే ఏమీ తెలియనట్టే.

మరి ముందటి నివేదికకు 60 లక్షలు ఎలా వచ్చాయి? వాళ్లు హార్డ్‌మన్ పటాన్ని పక్కనపెట్టి ప్రిజం పటం వాడారు. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిస్ డేలీ బృందం 1990లలో తయారుచేసిన పద్ధతి అది. ఎత్తుతో అవపాతం ఎలా పెరుగుతుందో దగ్గరలోని స్టేషన్ల నుంచి నేర్చుకుని, స్టేషన్ లేనిచోటకు లెక్కగడుతుంది. పాతదానికంటే శాస్త్రీయమైన పటం, అందులో సందేహం లేదు. ఆ పటం మీద మా బేసిన్‌లో పట్టీల విస్తీర్ణం వరుసగా 150, 150, 58, 32, 10 చదరపు కిలోమీటర్లు. మొత్తం అవపాతం 1,037 లక్షల ఘనపు మీటర్లు. పాత పటం కంటే 15 శాతం ఎక్కువ. రీచార్జ్ మాత్రం 39 నుంచి 60కి పోయింది. అంటే 53 శాతం ఎక్కువ.

15 శాతం తేడా 53 శాతం ఎందుకైందంటే, ఈ పద్ధతి మెట్ల లాంటిది. 304 మిల్లీమీటర్లు పడే నేలకు 3 శాతం, 306 పడే నేలకు 7 శాతం. పటంలో గీత కాస్త కిందికి జరిగితే చాలు, వేల ఎకరాల నేల ఒక మెట్టు పైకెక్కుతుంది. దానికి తోడు, ఆ శాతాలు పాత పటానికి కొలిచి కుట్టినవి. పటం మార్చినప్పుడు శాతాలనూ మళ్లీ సరిపెట్టుకోవాలి. అలా చేయకుండా కొత్త పటానికి పాత శాతాలు అంటించడం సర్వసాధారణంగా జరిగే తప్పు. మంచి పటం వాడాం కాబట్టి మంచి జవాబు వస్తుందని మనసు నమ్మిస్తుంది. ఆ నమ్మకం నాకూ ఉండేది.

క్లోరైడ్ చెప్పిన సాక్ష్యం

ముందటి నివేదిక రాసినవాళ్లు అజాగ్రత్త మనుషులు కారు. మాక్సీ–ఈకిన్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా క్లోరైడ్ తూకం కూడా వేశారు. సూత్రం ఇది: వానతో, మంచుతో, ఎండు దుమ్ముతో నేల మీదికి కొంచెం క్లోరైడ్ వస్తుంది. నీరు ఆవిరై పోతుంది, క్లోరైడ్ ఆవిరి కాదు. మొక్కలూ దాన్ని పెద్దగా తీసుకోవు. కాబట్టి ఆవిరి తర్వాత మిగిలి లోపలికి దిగిన నీటిలో క్లోరైడ్ ఎంత చిక్కబడిందో చూస్తే, పడినదాంట్లో ఎంత భాగం మిగిలిందో తెలుస్తుంది. అవపాతాన్ని అందులోని క్లోరైడ్ గాఢతతో గుణించి, భూగర్భజలంలోని గాఢతతో భాగించడమే. 1989లో మైఖేల్ డెట్టింగర్ నెవాడా ఎడారి బేసిన్లకు ఇదే పద్ధతిని అన్వయించి చూపించిన తర్వాత ఈ ప్రాంతంలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది.

కొండ పాదాల దగ్గర ఏడు నమూనాలున్నాయి. ఆరింటిలో క్లోరైడ్ లీటరుకు 4.1 నుంచి 7.4 మిల్లీగ్రాములు. ఏడోదానిలో 31. ఆ ఏడోదాన్ని వదిలేయాలా వద్దా అన్నది ఇష్టాన్ని బట్టి తేల్చే విషయం కాదు. క్లోరైడ్–బ్రోమైడ్ నిష్పత్తి చూడాలి. సముద్రపు నీటిలో అది బరువు లెక్కన సుమారు 290. లోతట్టు ప్రాంతాల వానలో సాధారణంగా అంతకంటే తక్కువ. రాతి ఉప్పు కరిగి కలిస్తే వేలల్లోకి పోతుంది. ఆ నమూనాలో నిష్పత్తి వెయ్యి దాటింది. ఆవిరి వల్ల చిక్కబడిన నీరు కాదది, ఉప్పు కలిసిన నీరు. తీసేశాం. మిగతా ఆరింటికి సాధారణ సగటు కాకుండా హరాత్మక సగటు తీసుకున్నాం. తక్కువ క్లోరైడ్ ఉన్నచోటే ఎక్కువ నీరు దిగుతుంది కాబట్టి దాని మాటకు బరువు ఎక్కువ ఉండాలి. సగటు 5.5 వచ్చింది.

అవపాతంలో క్లోరైడ్‌కు ముందటి నివేదిక ప్రాంతీయ విలువగా 0.4 మిల్లీగ్రాములు తీసుకుంది. 203 మిల్లీమీటర్ల గీతకు పైన ఉన్న కొండ ప్రాంతంలో పడే నీరు ప్రిజం ప్రకారం 775 లక్షల ఘనపు మీటర్లు. 775ను 0.4తో గుణించి 5.5తో భాగిస్తే 56 లక్షలు.

ఒక పద్ధతి 60 అంది, మరో పద్ధతి 56 అంది. భూగర్భజలాల లెక్కల్లో ఇంత దగ్గరగా రెండు జవాబులు రావడం పండగ లాంటిదే. నేను కూడా మొదటి ముసాయిదాలో "రెండు స్వతంత్ర పద్ధతులు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి" అని రాశాను. మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక సీనియర్ ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఒక్క ప్రశ్న రాసి వెనక్కి పంపారు: రెండింటిలోనూ గుణిస్తున్న అవపాతం ఒకటేనా?

ఒకటే. మాక్సీ–ఈకిన్‌లోనూ ప్రిజం, క్లోరైడ్‌లోనూ ప్రిజం. ఆ పటం కొండ మీద మూడో వంతు ఎక్కువ చూపిస్తే రెండు జవాబులూ కలిసికట్టుగా పెరుగుతాయి. ఒకరి నోట విన్న మాటనే ఇద్దరు సాక్షులు చెబితే అది రెండు సాక్ష్యాలు కాదు. ఈ కేసులో నాకు తెలిసొచ్చిన అసలు విషయం ఇదే. అప్పటి నుంచి ఎవరి నివేదికలో "రెండు పద్ధతులు సరిపోయాయి" అని కనిపించినా, ముందు ఆ రెండూ ఉమ్మడిగా తిన్న అంకె ఏదో వెతుకుతాను.

కొండ మీద డబ్బాలు

ఇక చేయాల్సింది ఒకటే, ఆ ఉమ్మడి అంకెను కొలవడం. ఆ కొండ మీద ప్రభుత్వ మంచు కొలత కేంద్రం ఒక్కటీ లేదు. ప్రిజం పటం అక్కడి విలువలను లోయ అడుగున ఉన్న స్టేషన్ నుంచి, పక్క కొండల మీది కేంద్రాల నుంచి ఊహించింది. ఆ పక్క కొండలు ఎత్తైనవి, పడమటి గాలికి ఎదురుగా ఉన్నవి. మా కొండ వాటి వెనుక, వాన నీడలో ఉంది. ఎత్తును బట్టి వేసే లెక్క ఈ తేడాను ఎంతవరకు పట్టుకుంటుందన్నది చుట్టూ ఉన్న స్టేషన్ల మీద ఆధారపడుతుంది. ఇక్కడ స్టేషన్లు లేవు.

మూడు నిల్వ గేజ్‌లు పెట్టాం. 2,100, 2,400, 2,600 మీటర్ల ఎత్తుల్లో. ఇవి పొడుగాటి గొట్టాలు. మంచు గడ్డకట్టకుండా అడుగున యాంటీఫ్రీజ్, చేరిన నీరు ఆవిరి కాకుండా పైన పలుచటి నూనె పొర, చుట్టూ గాలిని ఆపే రేకులు. గాలికి మంచు గొట్టంలో పడకుండా పక్కకు కొట్టుకుపోతుంది. ఆ రేకులు లేకపోతే తక్కువ చూపించే ప్రమాదం చాలా ఎక్కువ. ప్రతి గేజ్ పక్కన క్లోరైడ్ కోసం యాంటీఫ్రీజ్ వేయని మరో శుభ్రమైన గొట్టం, ఎండు దుమ్ముతో సహా పడినదంతా పట్టేలా.

రెండు జలసంవత్సరాల (అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా లెక్కించే ఏడాది) తర్వాత 2,600 మీటర్ల గేజ్‌లో సగటు 410 మిల్లీమీటర్లు. ఆ రెండేళ్లూ లోయ స్టేషన్‌లో దీర్ఘకాల సగటు కంటే 4 శాతం ఎక్కువ పడింది. ఆ మేరకు సర్దితే 394. ఆ చోట ప్రిజం పటం 520 చెబుతోంది. మధ్య గేజ్‌లో తేడా తక్కువ, కింది గేజ్‌లో దాదాపు లేదు. ఎత్తు పెరిగేకొద్దీ పటం ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఆ మూడు బిందువులతో కొండ ప్రాంతపు అవపాతాన్ని మళ్లీ గీస్తే 775 కాదు, 620 లక్షల ఘనపు మీటర్లు.

రెండేళ్ల కొలత సరిపోదని నాకు తెలుసు. ఎడారి కొండల్లో రీచార్జ్ ఏటా సమానంగా జరగదు. నాలుగైదేళ్లు దాదాపు ఏమీ దిగదు, ఒక్క భారీ మంచు ఏడాదిలో ఎంతో దిగుతుంది. అందుకే 620ని స్థిరమైన అంకెగా కాక, పక్కన పెద్ద అనుమానపు పరిధితో వాడాను. ఇక్కడ పటాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. స్టేషన్లు ఉన్నచోట దానంత మంచి సాధనం లేదు.

క్లోరైడ్ గొట్టాలు ఇంకో సంగతి చెప్పాయి. పైన 0.3, లోయకు దగ్గరగా ఉన్నదానిలో 0.7. ఉప్పుపర్ర మీది నుంచి లేచే దుమ్ము కింది గొట్టంలోకి వస్తోంది. అది బేసిన్‌లోనే తిరుగుతున్న పాత ఉప్పు, బయటి నుంచి కొత్తగా వస్తున్నది కాదు. ఎత్తుల వారీగా పడే నీటిని బట్టి తూచి, కింది గొట్టాన్ని జాగ్రత్తగా వాడుకుంటే 0.36 వచ్చింది. 620ని 0.36తో గుణించి 5.5తో భాగిస్తే 41 లక్షలు. విలువలను వాటి సాధ్యమైన అంచులకు జరిపితే 30 నుంచి 52 వరకు.

ఇక్కడే నీటి వయసు మాట కూడా. క్లోరైడ్ తూకం ఆ నీరు దిగిననాటి వాతావరణాన్ని చెబుతుంది, నేటిది కాదు. మంచుయుగపు చివర్లో ఈ ప్రాంతం ఎంతో తడిగా ఉండేది. లాహోంటన్, బొన్నెవిల్ లాంటి పెద్ద సరస్సులు అప్పటివే. లోయ నడుమ లోతైన బోరులో ఆక్సిజన్-18 (చల్లటి కాలపు అవపాతంలో తగ్గే బరువైన ఆక్సిజన్) నేటి కొండ ఊటల కంటే స్పష్టంగా తక్కువగా ఉంది, కార్బన్-14 వయసు వేల ఏళ్లు. ఆ నీటిని ఈ లెక్కలో కలిపితే చల్లటి, తడి కాలపు రీచార్జ్‌ను నేటిదిగా చూపించినట్టవుతుంది. అందుకే కొండ పాదాల నమూనాలే వాడాం. ఆరింటిలో నాలుగింటిలో ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) దొరికింది. అంటే 1950ల తర్వాతి అణు పరీక్షల కాలం నుంచి దిగిన నీరు వాటిలో కొంతైనా ఉంది.

లోయ అడుగున రీచార్జ్ సున్నా అన్న మాక్సీ–ఈకిన్ మాట మీద చాలామందికి నమ్మకం కుదరదు. వాన పడుతుంది కదా, కొంచెమైనా దిగదా అంటారు. అమెరికా నైరుతి ఎడారుల్లో లోయల నడుమ మట్టిని పొరలు పొరలుగా తీసి చూసినప్పుడు, పైనుంచి కొద్ది మీటర్ల లోతులో క్లోరైడ్ గుట్టగా పేరుకుని కనిపించింది. అంత ఉప్పు చేరడానికి వేల ఏళ్లు పడుతుంది. అన్నేళ్లుగా నీరు ఆ లోతు దాటి దిగలేదని దానర్థం. పడిన ప్రతి వాననూ పొదలు తాగేస్తున్నాయి. వాగుల అడుగు మాత్రం వేరు. అక్కడ దిగేది పైన కొండ మీద పడిన నీరు, దాన్ని పై పట్టీల్లో లెక్కపెట్టేశాం.

బయటికి పోయేదాన్ని కొలవడం

మూసి ఉన్న బేసిన్‌లో దీర్ఘకాలంలో లోపలికి వచ్చినంతే బయటికి పోవాలి. పోయేది కళ్లకు కనిపిస్తుంది, అదే ఈ పనిలో మనకున్న అదృష్టం. కొండ మీద ఎంత దిగిందో చూడలేం, లోయలో ఏ పొదలు తాగుతున్నాయో చూడగలం. ఈ వైపు లెక్కలో ప్రిజం పటానికి చోటే లేదు కాబట్టి ఇది నిజంగా వేరే సాక్షి.

భూగర్భజలం మీద బతికే మొక్కలకు ఫ్రియాటోఫైట్లని ఆస్కార్ మైన్జర్ 1923లో పేరు పెట్టారు. ఇక్కడ ప్రధానమైనది గ్రీస్‌వుడ్ పొద. దాని వేళ్లు చాలా మీటర్ల లోతుకు దిగి నీటిమట్టాన్ని అందుకుంటాయి. ఉప్పుపర్ర చుట్టూ అది 24 చదరపు కిలోమీటర్లలో ఉంది. దాని మధ్య ఒక ఎడ్డీ కోవేరియన్స్ టవర్ (గాలి సుడులనూ వాటిలోని తేమనూ కొలిచే పరికరాల స్తంభం) పెట్టి ఏడాది పాటు గాలిలోకి పోయే ఆవిరిని కొలిచాం. 248 మిల్లీమీటర్లు వెళ్లింది. ఆ ఏడాది అక్కడ పడిన వాన 158. తేడా 90 మిల్లీమీటర్లు, అది భూగర్భం నుంచి వచ్చిన నీరు. 24 చదరపు కిలోమీటర్లకు సుమారు 21.6 లక్షల ఘనపు మీటర్లు. ఊటల దగ్గరి గడ్డి నేల 1.6 చదరపు కిలోమీటర్లు, అక్కడ 520 మిల్లీమీటర్ల చొప్పున 8.3 లక్షలు. ఉప్పుపర్ర 11 చదరపు కిలోమీటర్లు, 12 మిల్లీమీటర్ల చొప్పున 1.3 లక్షలు. మొత్తం 31 లక్షలు.

టవర్ ఒక్కచోటే ఉంది. దాని మాట సరిచూడటానికి, పొదల మధ్య నీరు 3 మీటర్ల లోతులో ఉన్న ఒక పరిశీలన బావిలో లాగర్ (నీటిమట్టాన్ని తనంతట తానే నమోదు చేసే పరికరం) వేశాం. జూలైలో ఆ గ్రాఫ్ చూడటం నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఇష్టమైన పని. పొద్దెక్కేకొద్దీ నీటిమట్టం దిగుతుంది, సాయంత్రానికి ఆగుతుంది, రాత్రంతా మెల్లగా పైకొస్తుంది, తెల్లారితే మళ్లీ దిగుతుంది. పొదలు నీళ్లు తాగుతున్నది కంటికి కనిపిస్తుంది. వాల్టర్ వైట్ యూటాలోని ఎస్కలాంటే లోయలో ఇదే చూసి 1932లో లెక్క కట్టే దారి చెప్పారు. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా మొక్కలు తాగవు కాబట్టి అప్పటి పెరుగుదల వేగమే పక్క నుంచి వచ్చే నీటి వేగం. మా బావిలో గంటకు 0.12 సెంటీమీటర్లు. 24 గంటలకు 2.88, రోజు మొత్తంలో నికరంగా తగ్గిన 0.4 కలిపితే 3.28 సెంటీమీటర్లు. ఆ మట్టికి నీరు వదిలే గుణకం 0.05 అనుకుంటే రోజుకు 1.6 మిల్లీమీటర్లు. నడివేసవి రోజుకు ఇది. వసంతంలో, చలి మొదలయ్యే వేళ ఇది చాలా తగ్గుతుంది. మొక్కలు పెరిగే కాలం మొత్తానికి సర్దితే టవర్ చెప్పిన 90కి దగ్గరగానే ఉంది. ఆ గుణకాన్ని 0.08గా తీసుకుంటే ఈ మాట నిలబడదు, కాబట్టి దీన్ని సాక్ష్యంగా కాక, తప్పు పెద్దదేమీ లేదని చూసుకునే పరీక్షగా మాత్రమే రాశాను.

మొక్కల సాంద్రతలో తేడాలు, గడ్డి నేల సరిహద్దుల్లో అనుమానాలు కలుపుకుని 31కి అటూ ఇటూ పావు వంతు పరిధి పెట్టాను. 23 నుంచి 39 లక్షలు.

మిగిలిన పది లక్షలు

ఇప్పుడు చేతిలో ఉన్నవి ఇవి: పాత జంట పటంతో మాక్సీ–ఈకిన్ 39, కొలిచిన అవపాతంతో క్లోరైడ్ 41, బయటికి పోయేది 31. లోపలికీ బయటికీ మధ్య సుమారు పది లక్షలు తేడా. ఇది లెక్కల్లో ఉన్న అనుమానంలోనే కలిసిపోవచ్చు. లేదా నిజంగానే పది లక్షలు మనకు కనపడకుండా పోతూ ఉండవచ్చు.

దక్షిణపు సున్నపురాయి గుట్టలు ఇక్కడ గుర్తుకు రావాలి. తూర్పు, దక్షిణ నెవాడాలో లోయకు లోయకు మధ్య కొండ ఉన్నంత మాత్రాన భూగర్భంలో గోడ ఉన్నట్టు కాదు. పగిలిన సున్నపురాయిలో నీరు కొండ కింది నుంచే పక్క లోయకు పోతుంది. ఇదే ఈకిన్ 1966లో వైట్ రివర్ ప్రాంతపు లోయలు లోపల ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయని, ఆ నీరే చివరికి మడ్డీ రివర్ ఊటల్లో బయటపడుతోందని చూపించారు.

మా లోయ దక్షిణ కొసన రెండు బావుల మధ్య 6 కిలోమీటర్లలో నీటిమట్టం 14 మీటర్లు తగ్గింది, పక్క లోయ వైపుకే. వెడల్పు 4 కిలోమీటర్లు, నీరు పారే మందం 300 మీటర్లు, పారగమ్యత (రాయి నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందన్నది) రోజుకు ఒక మీటరు అనుకుంటే, భూగర్భ ప్రవాహాన్ని లెక్కగట్టే డార్సీ సూత్రం ప్రకారం రోజుకు 2,800 ఘనపు మీటర్లు, ఏడాదికి పది లక్షలు. తేడాకు అచ్చంగా సరిపోయింది. ఈసారి నేను తొందరపడలేదు. పారగమ్యత 0.1 అయితే ఒక లక్ష, 10 అయితే కోటి. పగుళ్ల సున్నపురాయిలో ఈ మూడూ సాధ్యమే. పది లక్షలు పోవడం అసాధ్యం కాదని ఈ లెక్క చెబుతుంది, అంతకుమించి చెప్పదు. నివేదికలో అలాగే రాశాను.

నీటిమట్టాల హెచ్చుతగ్గుల పద్ధతి ఎందుకు వాడలేదని విచారణలో అడిగారు. రీచార్జ్ జరిగే కొండ పాదాల దగ్గర నీరు నేలకు వంద మీటర్లకు పైగా లోతులో ఉంది. పైన దిగిన నీటి అల అక్కడికి చేరేసరికి ఏళ్లు గడిచి, చదునై పోతుంది. ఒక్కో వానకు లేదా ఒక్కో సీజన్‌కు మట్టం పెరగడమన్నది అక్కడ కనపడదు. ఆ పద్ధతి నీరు పైన ఉన్న నేలలకు.

ఏం సిఫారసు చేశాను

రీచార్జ్ 30 నుంచి 45 లక్షల ఘనపు మీటర్ల మధ్య, అన్నీ తూచి చూస్తే 36 దగ్గర. ముందటి నివేదికలోని 60కి ఆధారం లేదని స్పష్టంగా రాశాను. అయితే దరఖాస్తులకు అసలు ముఖ్యమైనది రీచార్జ్ కూడా కాదు. ఈ మాట విచారణలో నేను ఎక్కువసేపు వివరించాల్సి వచ్చింది. నెవాడాలో హక్కులిచ్చే స్టేట్ ఇంజనీర్ కార్యాలయం చూసేది పెరెన్నియల్ యీల్డ్, అంటే నిల్వను హరించకుండా ఏటా ఎంత తీసుకోవచ్చన్నది. బోరు వేసి తోడితే ఆ నీరు ఎక్కడి నుంచో రావాలి. మొదట నిల్వ నుంచి, తర్వాత పొదలూ ఊటలూ తాగే వాటా నుంచి. పట్టుకోగలిగింది ఆ వాటానే. సున్నపురాయి కింద నుంచి పోయేదాన్ని లోయ నడుమ బోర్లు పట్టుకోలేవు. కాబట్టి పరిమితి 31 లక్షలకు మించరాదన్నాను. అది కూడా పూర్తిగా పట్టుకుంటే ఊటల గడ్డి నేలలు ఎండిపోతాయి. అందులో ఎంతవరకు ఒప్పుకోవాలన్నది జలశాస్త్రం తేల్చే విషయం కాదని, దాన్ని విడిగా విచారించమని కోరాను.

అడిగిన 52 లక్షలకు బదులు మొదటి దశలో 15 లక్షలు, ఐదేళ్ల నీటిమట్టాలు చూశాక మిగతాది అని సూచించాను. పరిశీలన బావులు మూడుచోట్ల: గ్రీస్‌వుడ్ పొదల మధ్య, పెద్ద ఊట పైన, దక్షిణపు గుట్టల దగ్గర. దరఖాస్తుదారుల్లో కొందరు నాతో చాలా నిరాశగా మాట్లాడారు. 60 అన్న అంకెను చూసి అప్పు చేసి పైపులు కొన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల బాధ న్యాయమైనది. ఆ అంకెకు పక్కన ఒక పరిధి రాసి ఉంటే, కింది కొస 30 అని కనిపించి ఉంటే, ఆ పైపులు అప్పుడే కొనేవాళ్లు కాదేమో.

మూడో శీతాకాలపు రీడింగ్ గేజ్‌ల నుంచి వచ్చింది. 2,600 మీటర్ల దగ్గర 372 మిల్లీమీటర్లు, లోయ స్టేషన్‌లో సగటుకు కొంచెం తక్కువ పడిన ఏడాది. కొండ అవపాతపు అంకె 620 నుంచి 615కి దిగింది, మిగతా లెక్కలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నడిమి గేజ్ రేకు ఒకటి గాలికి ఊడిపోయింది, మంచు కరగ్గానే వెళ్లి బిగించాలి. దక్షిణం బావిలో లాగర్ వేసి నాలుగు నెలలే అయింది.